నాలుగు పాళ్ల ఇసుక

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి. ఈ కథలో ఒక పడవ రేవంతా చూస్తుండగా బొంగరంలా తిరుగుతుంది. మండే ఎండలో ఒక పెరటి నిండా తెల్లటి దూది కురుస్తుంది. ఇద్దరు మనుషులు వేసవిలో దుప్పట్లు కప్పుకుని గజగజ వణుకుతారు. ఇన్ని ఘనకార్యాలకూ కారకుడు ఒక్కడే, వాడు పన్నెండేళ్ల కిందటి నేను. అప్పటికి నా వయసు ఇరవై నాలుగు. నాకు రావలసిన పెళ్లి సంబంధం కూడా ఆ తిరిగే పడవలోనే ఉందని గుర్తుపెట్టుకుని చదవండి, నా బాధ కొంచెం అర్థమవుతుంది.

నా పేరు ఢిల్లీశ్వరరావు. మా శ్రీకాకుళం వైపు ఈ పేరు వీధికి ఇద్దరికి ఉంటుంది కాబట్టి దానికి నవ్వక్కర్లేదు, నవ్వడానికి వేరే సరుకు చాలా ఉంది. పలాసలో ఒక చిన్న ఫౌండ్రీలో సూపర్‌వైజరుగా చేరాను. అక్కడ రాగి, ఇత్తడి కరిగించి ఇసుక అచ్చుల్లో పోస్తాం. జీడిపప్పు ఫ్యాక్టరీల మిషన్లలో ఇరుసులు తిరిగే బుష్షులు, పంపులకు చక్రాలు, భావనపాడు పడవలకు ఫ్యాన్లు. ఫ్యాను అంటే మీ ఇంటి కప్పుకి వేలాడేది కాదు. ఇంజను చివర నీళ్లలో తిరుగుతూ పడవని ముందుకు తోసే రెక్కల చక్రం.

నాకు మెకానికల్ డిప్లొమా ఉంది. అందులో లోహాల సబ్జెక్టు మూడోసారికి పాసయ్యాను. ఒకే పుస్తకాన్ని మూడేళ్లు చదివినవాడికి మిగతావాళ్లకన్నా మూడింతలు ఎక్కువ తెలియాలి కదా అన్నది అప్పటి నా లెక్క. కొలిమి దగ్గర పెద్ద పనివాడు దాలయ్య తాత. నలభై ఏళ్లుగా అదే పని. మంట రంగు చూసి లోహం పోతకి వచ్చిందో లేదో చెప్పేవాడు. చదివింది మూడో తరగతి. ఆయన మాట వినకుండా ఉండడానికి నాకు ఆ ఒక్క కారణం సరిపోయింది.

ఇక మా కూర్మయ్య మావ. మా అమ్మకి తమ్ముడు. భావనపాడులో సొంత ఇంజను పడవ ఉంది. ఒక్కతే కూతురు, శిరీష. టెక్కలిలో డిగ్రీ చదివేది. నాకు మేనమామ కూతురు కాబట్టి వరసకి అడ్డు లేదు. ఆ పిల్లంటే నాకు ఎంత ఇష్టమో భావనపాడులో ఎండబెట్టిన చేపలకి కూడా తెలుసు. మావకి మాత్రం తెలియదు, లేదా తెలిసీ తెలియనట్టు ఉండేవాడు.

అది చేపల వేట ఆపేసే కాలం. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ పడవలన్నీ ఒడ్డున పడుకుంటాయి, మరమ్మతులు జరుగుతాయి. ఒకరోజు మావ పాత ఫ్యాను భుజాన వేసుకుని పలాస వచ్చాడు.

"అల్లుడూ, దీని బతుకు సూడు. ఒక్క ఏడాదికే ఉప్పునీరు తినీసినాది. ఈపాలి గట్టిది కావాల."

నేను ఫ్యానుని అటూ ఇటూ తిప్పి, డాక్టరులా తల ఆడించాను. "మావా, మామూలు ఇత్తడి సముద్రానికి ఆగదు. దీనికి సిలికాన్ ఇత్తడి పొయ్యాలి."

"అదేటి?"

"నూటికి ఎనభై రెండు పాళ్లు రాగి, పద్నాలుగు పాళ్లు జింకు, నాలుగు పాళ్లు సిలికాన్. అచ్చులో పోస్తే సన్నటి మూలల్లోకి కూడా నీళ్లలా పారుతుంది. గట్టిగా ఉంటుంది. ఉప్పునీటికి తొందరగా లొంగదు."

"నాలుగు పాళ్లే కదా, అది లేకపోతే ఏటవుద్ది?"

"మెత్తబడిపోద్ది మావా. దేనికైనా తగిలితే రెక్క ఒంగిపోద్ది."

ఈ మాట అన్నది నేనే. నా నోటితోనే అన్నాను. తర్వాత జరిగినదానికి నేను తెలియనివాణ్ణని చెప్పుకునే దారి కూడా ఇలా మూసేసుకున్నాను.

మావ గొంతు తగ్గించాడు. "ఒరే అల్లుడూ, వేట తెరిసిన రోజున ఈ ఫ్యాను మీద నా పడవ అందరికంటే ముందెల్లాల. ఎల్లిందనుకో, సాయంత్రం మీ అమ్మతో ఒక మాట మాటాడతాను. శిరీష గురించి. సానాళ్లబట్టి అనుకుంతన్నాను. పిల్లోడు పనిమంతుడో కాదో తేలాల గదా."

ఆ క్షణం నుంచి నాకు నేల మీద కాళ్లు ఆనలేదు. ఎనభై రెండు, పద్నాలుగు, నాలుగు అని మంత్రంలా జపించుకుంటూ తిరిగాను. మూడు సంఖ్యలు కలిపితే నూరు వస్తుంది. నాకు మాత్రం పెళ్లి వస్తుంది.

మా ఓనరు గారు విశాఖ నుంచి సిలికాన్ ముక్కలు తెప్పించే ఏర్పాటు చేసి, ఇచ్ఛాపురంలో చెల్లెలి ఇంట గృహప్రవేశానికి బయల్దేరారు. వెళ్తూ వెళ్తూ చెప్పారు. "పార్సిలు వచ్చాకే ఫ్యాను పని ముట్టుకో. అంతవరకూ బుష్షులు చూసుకో. దాలయ్య మాట విను." మూడు ఆజ్ఞలు. మూడింటినీ నేను మూడు రోజుల్లో ఉల్లంఘించాను.

పార్సిలు రాలేదు. రోజూ పార్సిలు ఆఫీసుకి వెళ్లి అడిగేవాణ్ణి. "లోడు ఎక్కలేదు బాబూ, రేపు సూడు" అనేవాడు అక్కడి గుమస్తా. రేపు వెళితే మళ్లీ రేపు. వేట తెరవడానికి ఇంక మూడే రోజులు. ఆలస్యమవుతుందని మావకి చెప్పివద్దామని బండి వేసుకుని భావనపాడు వెళ్లాను. మావ ఇంట్లో లేడు, రేవులో వలలు చూసుకుంటున్నాడన్నారు. ఒడ్డున నడుస్తుంటే చెప్పుల్లోకి ఇసుక దూరింది. దులుపుకుందామని వంగాను.

అప్పుడు నాకు జ్ఞానోదయం అయ్యింది. పదో తరగతి సైన్సు పుస్తకంలో ఒక వాక్యం ఉంది: ఇసుకలో సిలికాన్ ఉంటుంది. ఆ వాక్యం నిజమే. దాన్ని ఇసుకలోంచి బయటికి తియ్యాలంటే పెద్ద పెద్ద కరెంటు కొలుములు కావాలని, అది వేరే పరిశ్రమ అని తర్వాతి పేజీలో ఉంటుందట. నేను ఏ పుస్తకంలోనూ తర్వాతి పేజీ దాకా వెళ్లిన మనిషిని కాను. కళ్ల ముందు కొండలు కొండలుగా సిలికాన్ పడి ఉంటే, విశాఖలో ఎవరో దాన్ని సంచుల్లో కట్టి అమ్ముతున్నారు, మన అమాయకులు కొంటున్నారు! నాకు ఓనరు గారి మీద జాలి కూడా వేసింది.

మావకి ఆలస్యం సంగతి చెప్పడం మానేశాను. సంచి తెచ్చి నింపడం మొదలుపెట్టాను. పక్కన చేపలు ఆరబెడుతున్న ముసలమ్మ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఏటి బాబూ, ఇసకెత్తుకుపోతన్నావు? పలాసలో ఇసక లేదేటి?"

"ఇది ఇసుక కాదు అవ్వా, సిలికాన్."

"అలగా! మరి ఇన్నాళ్లూ మేం తొక్కీసినాం కదరా నాయనా, ఏటీ అవ్వదు కదా?"

"ఏం కాదులే అవ్వా" అని అభయమిచ్చి, సంచి బండికి కట్టుకుని టెక్కలి మీదుగా పలాస చేరాను. దారిలో బండి వెనక సన్నగా సిలికాన్ కారుతూనే ఉంది.

ఫౌండ్రీలో సంచి విప్పగానే దాలయ్య తాత చూపు ఇసుక మీద పడింది.

"అచ్చులకి మనకాడ ఇసక ఉన్నాది కదా బాబూ. ఇదెందుకు తెచ్చినావు?"

"ఇది అచ్చుకి కాదు తాతా. ఇత్తడిలో కలపడానికి."

తాత బీడీ నోట్లోంచి తీశాడు. "ఏటీ?"

నేను సైన్సు చెప్పాను. చేతులు ఊపుతూ, పలక లేదు కాబట్టి గోడ మీద బొగ్గుతో రాస్తూ చెప్పాను. తాత ఓపిగ్గా విన్నాడు. విన్నాక ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. పన్నెండేళ్లయినా ఆ ప్రశ్న తలుచుకుంటే నా చెవులు ఇప్పటికీ వేడెక్కుతాయి.

"బాబూ, మనం రోజూ కరిగిన ఇత్తడిని పోసేది ఇసక అచ్చులోనే కదా. ఇత్తడికి ఇసకని కరిగించుకునే బుద్దే ఉంటే, నలబయ్యేళ్లబట్టి నా అచ్చులన్నీ అందులో కలిసిపోవాల కదా? ఒక్కటీ కలవలేదు. దులిపితే రాలిపోతాది."

ఎవరైనా బుద్ధిమంతుడైతే అక్కడే ఆగి, సంచి మూతి కట్టేసి, టీ తాగేవాడు. నేను జవాబు చెప్పాను.

"తాతా, అది బయట ఉండే ఇసుక. ఇది లోపల ఉండే ఇసుక."

తాత నన్ను జ్వరం ఉన్నవాణ్ణి చూసినట్టు చూశాడు. "ఓనరుగారు ఏటన్నారు?" అని అడిగాడు. "ఓనరుగారు లేరు కదా, ఇప్పుడు నేనే" అన్నాను. "సరే మరి. కానీ తడి ఇసక మాత్రం ఎయ్యనివ్వను. చెమ్మ ఉన్నదేదైనా కరిగిన లోహంలో పడితే పేలిపోద్ది. మనం సచ్చిపోతాం. ఏపి తే."

అలా ఇసుకని వేయించాల్సి వచ్చింది. ఫౌండ్రీ పక్క పెరట్లో చిలకమ్మ అని ఒకావిడ జీడిపిక్కలు ఎండబెట్టి ఫ్యాక్టరీకి ఇస్తుంటుంది. ఆవిడ దగ్గర పెద్ద మూకుడు అప్పడిగాను. కట్టెల పొయ్యి మీద ఇసుక వేసి గరిటెతో తిప్పుతున్నాను. ఆవిడ గోడ మీంచి తొంగిచూసింది.

"మరమరాలు ఏపుతన్నావేటి బాబూ? బియ్యం ఎయ్యడం మరిసిపోనావు."

గొప్ప పనులు చేసేవాళ్లు ప్రతి ఒక్కరికీ బదులు చెప్పరు. వేయించిన ఇసుకని గుడ్డలో జల్లించి, తూకం వేశాను. నూటికి నాలుగు పాళ్లు, గ్రాము ఎక్కువ కాకుండా, గ్రాము తక్కువ కాకుండా. నా జీవితంలో ఏ పనీ అంత శ్రద్ధగా చెయ్యలేదు.

మర్నాడు ఉదయం కొలిమి వెలిగించాం. మూసలో, అంటే లోహం కరిగించే మట్టి కుండలో, రాగి కరిగింది. జింకు వేశాం, అదీ కరిగింది. తర్వాత కళ్లకద్దుకుని నా నాలుగు పాళ్లూ వేశాను. అవి హాయిగా పైకి తేలి, పాల మీద మీగడలా పరుచుకుని కూర్చున్నాయి. తాత గరిటెతో తెట్టు తీసినట్టు వాటిని తియ్యబోయాడు.

"తాతా! తియ్యకు! అదే అసలు మందు!"

"కలవట్లేదు బాబూ. తేలుతన్నాది."

"వేడి చాల్లేదు. మంట పెంచు."

"ఇంకా పెంచితే జింకు కాలిపోద్ది."

"పెంచు తాతా!"

తాత పెంచాడు. ఇసుక అలాగే ఉంది. నేను ఇనప కడ్డీతో కలిపాను. ఇసుక మునిగింది, మళ్లీ తేలింది. "ఇంకా పెంచు" అన్నాను. అప్పుడు మూస మీద ఆకుపచ్చ మంట లేచింది, దాని వెనకే తెల్లటి పొగ. సరైన సిలికాన్ వేసి ఉంటే అదే లోహం పైన సన్నటి పొర కట్టి జింకుని కాలిపోకుండా పట్టి ఉంచేదట. నా సిలికాన్ మాత్రం తేలుతూ తమాషా చూస్తోంది. జింకు కాలి తెల్లటి పీచై, దూదిలా గాల్లో ఎగిరి, గోడ దాటి, చిలకమ్మ పెరట్లో కురవడం మొదలుపెట్టింది.

"ఓలమ్మో! ఏటిది? నా పిక్కల మీద ఏటి పడతన్నాది? పరుపు సింపినారేటి?"

"ఏం లేదు పిన్నీ, ఐదు నిమిషాలు!" అని అరిచాను దగ్గుతూ.

"ఐదు నిమిషాలకి నా పిక్కలు తలనెరిసిపోనాయి కదరా!"

చివరికి నేను గట్టిగా కలుపుతూ ఉండగానే, ఇసుక కిందకి దిగిన క్షణం చూసి అచ్చులో పోయించాను. కలిసిందా అంటే, ముంచి పట్టుకున్నాను అనాలి.

ఆ సాయంత్రం నాకూ తాతకీ చలి మొదలైంది. బయట ఉక్కపోతకి కుక్కలు నాలుకలు వేలాడేసుకుని పడి ఉంటే, మేమిద్దరం ఫౌండ్రీ వరండాలో దుప్పట్లు కప్పుకుని పళ్లు టకటకలాడిస్తున్నాం. నాకు ప్రాణం మీదకి వచ్చిందనిపించింది.

"భయపడకు బాబూ. జింకు పొగ జొరం ఇది. ఒక పూట ఒణికించి వదిలేత్తాది" అన్నాడు తాత. "నా సర్వీసులో ఇంతకుముందు రెండుసార్లు వచ్చింది."

"ఎప్పుడు తాతా?"

"రెండుసార్లూ కొత్త సూపర్‌వైజరు వచ్చినప్పుడే."

మర్నాడు అచ్చు పగలగొట్టాం. ఫ్యాను బయటికి వచ్చింది. బంగారు రంగులో ఉండాల్సింది ఎర్రగా, మొహమాటంగా ఉంది. జింకులో చాలా భాగం చిలకమ్మ పెరట్లో ఉంది కదా మరి. "ముదురు రంగు, నాణ్యమైన సరుకు" అన్నాను. లేతు మిషన్ మీద పెట్టి నున్నగా చేస్తుంటే కీచుమని అరిచి, పనిముట్టు మొన విరిగిపోయింది. లోపల అక్కడక్కడా ఇసుక గింజలు ఇరుక్కుని ఉన్నాయన్నమాట. నాకు ఆనందం ఆగలేదు. "చూశావా తాతా, ఎంత గట్టిగా ఉందో! ఉక్కుని విరగ్గొట్టింది! సిలికాన్ అంటే ఇదీ!" తాత మళ్లీ దుప్పటి కోసం చూశాడు.

అంతటితో ఊరుకోకుండా కంపెనీ కాగితం మీద సర్టిఫికెట్ కూడా రాశాను. రాగి ఎనభై రెండు, జింకు పద్నాలుగు, సిలికాన్ నాలుగు. పరీక్ష చేయించలేదు. లెక్క ప్రకారం వేశాను కాబట్టి లెక్క ప్రకారమే ఉంటుందన్నది నా ధైర్యం. కింద బలం: ఉత్తమం, ఉప్పునీటికి ఓర్పు: అత్యుత్తమం అని రాసి సీలు కొట్టాను. భావనపాడులో మావ దాన్ని తలకిందులుగా పట్టుకుని చూశాడు.

"ఏటల్లుడూ ఇది, ఫ్యాను జాతకమా?"

"అలాంటిదే మావా."

"బాగున్నాదా?"

"దివ్యంగా ఉంది. ఏ దోషమూ లేదు."

వేట తెరిచిన రోజు పొద్దున్నే రేవంతా జనం. పడవలకి పసుపు రాశారు, కొబ్బరికాయలు కొట్టారు. శిరీష కూడా వచ్చింది, నా పక్కనే నిలబడింది. మావ ఇంజను స్టార్టు చేశాడు. పడవ ముందుకు ఉరికింది. అందరికంటే ముందు! ఆ కాసేపు నేను అనుభవించిన గర్వం ఇంకెప్పుడూ అనుభవించలేదు. పెళ్లి పత్రిక ఏ రంగులో వేయించాలో కూడా నిర్ణయించేసుకున్నాను.

రేవులోని కాలువ సముద్రంలో కలిసే చోట నీటి అడుగున ఇసుక మేట వేసి ఉంటుంది. దాటే ప్రతి పడవ ఫ్యానూ దాన్ని కొద్దిగా గీరుకుంటుంది. ఏ ఫ్యానూ దాన్ని లెక్కచెయ్యదు. నా ఫ్యాను లెక్కచేసింది. ఒక రెక్క తడిసిన అప్పడంలా ఒంగిపోయింది. రెండోది, లోపల ఇసుక గూడు కట్టిన చోట, పుటుక్కున విరిగింది. ఇంజను ఆకాశం అదిరేలా అరుస్తోంది, పడవ మాత్రం కదలడం లేదు. తర్వాత కాలువ నీటి వడి పడవని పట్టుకుని మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది.

"బావా, నాన్నేటి అలగ తిరుగుతున్నాడు?" అంది శిరీష.

"కొత్త ఫ్యాను కదా. చుట్టూ ఓసారి చూసుకుంటున్నాడు."

"మూడుసార్లు చూసుకున్నాడు బావా."

నాలుగో చుట్టులో మావ మొహం మా వైపు తిరిగినప్పుడు "ఒరే అల్లుడో!" అన్న కేక వినిపించింది. మిగతా మాటలు, అదృష్టం, ఐదో చుట్టులో అటువైపు వెళ్లిపోయాయి.

వెనక వస్తున్న పడవలు పక్కనుంచి తప్పుకుని సముద్రంలోకి దూసుకుపోయాయి. ఒక్క పడవ ఆగింది. అందులో మోహన్ అనే కుర్రాడు, మావ వీధివాడే. వేట తెరిచిన రోజు అన్న సంగతి పక్కనపెట్టి, తాడు విసిరి, మావ పడవని కట్టి ఒడ్డుకి లాక్కొచ్చాడు. ఆ తాడు మావ పడవకి మాత్రమే తగిలిందని నేను అప్పట్లో అనుకున్నాను.

మావ తడిబట్టలతో దిగి, ఫ్యాను బిగించిన ఇంజను తోక ఎత్తి, విరిగిన రెక్కని చూశాడు. విరిగిన చోట వేలితో గీకాడు. అరచేతిలో నాలుగు గింజలు రాలాయి. చుట్టూ జనం.

"అల్లుడూ, ఇదేటి?"

"సిలికాన్ మావా."

మావ ఆ గింజల్ని ఎండకి పెట్టి చూశాడు, నలిపి చూశాడు. ఇసుకలో పుట్టి ఇసుకలో పెరిగినవాడు, ఆయనకి సర్టిఫికెట్ అక్కర్లేదు.

"ఇది మన రేవు ఇసక కాదేటి?"

అబద్ధం కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు. "అవును మావా."

"మా ఇసక మాకే అచ్చుపోసి తెచ్చినావా?"

శిరీష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "బావా, నిజంగా ఇసుక వేశావా? ఇత్తడిలోనా?"

"నాలుగు పాళ్లే."

"తూచి వేశావా?"

"గ్రాముతో సహా."

అంతే. ఆ పిల్ల నవ్వి నవ్వి ఇసుకలో కూలబడిపోయింది. మోహన్ కూడా నవ్వాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మళ్లీ నవ్వారు. శిరీష అంత నవ్వడం నేనెప్పుడూ చూడలేదు, అందుకని నాకు లోపల కాస్త సంతోషం కూడా వేసింది. అప్పటికి నా వెర్రితనం ఏ స్థాయిలో ఉందో దీన్నిబట్టి మీరు అంచనా వేసుకోవచ్చు.

మధ్యాహ్నానికి మిగతా పడవలు చేపలతో నిండి వచ్చాయి. మావ ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆ వలకి బాగుచెయ్యాల్సిందేమీ లేదు. నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! నేను వెళ్లిపోయేముందు తలెత్తకుండా ఒకే మాట అన్నాడు.

"తెలవదు మావా, సరుకు రాలేదు అని సెప్పుంటే, నాలుగు రోజులు ఆగుదును కదరా."

ఆ మాటకి నాకు కన్నీళ్లొచ్చాయి. నవ్వుల కథలో ఏడుపేమిటని మీరనచ్చు, కానీ వచ్చాయి. పలాస దాకా బండి మీద తుడుచుకుంటూనే ఉన్నాను.

పార్సిలు ఆ మర్నాడే వచ్చింది. సంచిలో బూడిద రంగులో మెరుస్తున్న ముక్కలు. ఇసుకకీ వాటికీ పోలికే లేదు. ఓనరు గారు తిరిగొచ్చి, సంగతంతా విని, "దాలయ్యా, నువ్వు పొయ్యి. వీణ్ణి గేటు బయట నిలబెట్టు" అన్నారు. గేటు ఊచల్లోంచి చూశాను. సిలికాన్ లోహంలో మునిగి, కరిగి, మాయమైంది. పొగ లేదు, దూది లేదు. ఫ్యాను పసుపుపచ్చగా, మూలమూలా నిండి వచ్చింది. పరీక్షకి పంపితే పాళ్లు కూడా సరిగ్గా వచ్చాయి. మావ దాన్ని బిగించుకుని వేటకి వెళ్లాడు. ఇసుక మేట మీద గీరుకున్నా అది ఒంగలేదు.

నేను మాత్రం మా అమ్మ ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. మావ నుంచి మాట రాలేదు. ఆరు నెలలకి వచ్చింది, పెళ్లి పత్రికతో. వధువు శిరీష. వరుడు మోహన్. తాడు దేనికి తగిలిందో అప్పుడు తెలిసింది.

పెళ్లికి వెళ్లాను. వెళ్లకపోతే ఏడుస్తున్నాడంటారు, వెళితే ఏడుపు కనిపిస్తుంది, ఏదైతేనేం అని దాలయ్య తాతని తోడు తీసుకుని వెళ్లాను. రేవు పక్కనే పందిరి. సముద్రం మీంచి గాలి విసురుగా కొడుతోంది. భోజనాల బంతిలో తాత పక్కన కూర్చున్నాను. పులిహోర వడ్డించారు. నాకు ఎదురుగా కూర్చున్న పెద్దాయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కటుక్కుమంది.

ఆయన నమలడం ఆపాడు. పక్కాయన నోట్లోనూ కటుక్. ఆ పక్కావిడ నోట్లోనూ కటుక్. ఒక్కొక్క తలే తిరిగి, చివరికి డెబ్భై ఎనభై మంది కళ్లు నా మీద ఆగాయి.

"నేను కాదండీ!" అన్నాను లేచి నిలబడి. "గాలికి లేచిన ఇసుకండీ!"

సాంబారు బకెట్టు పట్టుకుని వస్తున్న కూర్మయ్య మావ వంటల వైపు తిరిగి గొంతెత్తి అరిచాడు. "ఒరే, మా ఢిల్లీగాడు గానీ గాడిపొయ్యి కాడికి ఎల్లినాడేటి?"

దాలయ్య తాత తన విస్తట్లోంచి ముద్ద తీసుకుని, కళ్లు మూసుకుని నిదానంగా నమిలి, తీర్పు చెప్పాడు. "ఈ బాబు సేసింది కాదు. నాలుగు పాళ్లు లేదు. ఒక్క పాలే ఉన్నాది."

పీటల మీంచి పెళ్లికూతురి నవ్వు వినిపించింది. మావ కూడా నవ్వాడు, బకెట్టు కింద పెట్టి మరీ నవ్వాడు. నా విస్తట్లో గరిటెడు సాంబారు ఎక్కువే పోశాడు. నాకు పిల్లనివ్వలేదు గానీ, మావ నన్ను క్షమించాడని ఆ గరిటెతో అర్థమైంది.

కాబట్టి పాఠకులారా, మండే కొలిమి సాక్షిగా, నా మూలాన విరిగిన రెక్క సాక్షిగా, తలనెరిసిన చిలకమ్మ జీడిపిక్కల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నాకు తెలియనిదాన్ని ఇంకెప్పుడూ గ్రాముల్లో తూచను. పుస్తకం ఏదైనా సరే, తర్వాతి పేజీ తిప్పకుండా కొలిమి వెలిగించను. కరిగిన ఇత్తడి ఉన్న ఏ మూసకీ ఇసుకతో పది అడుగుల దూరంలోకి రాను. దీనికి సాక్షి సంతకం చెయ్యమని దాలయ్య తాతని అడిగాను. "అలగే బాబూ" అన్నాడు పెన్ను అందుకుంటూ, "ముందు నీ జేబులు దులిపి సూపించు."